కారం జాడీలో కేబులు ముక్కలు

గుంటూరులో తుమ్మినవాడికి 'చిరంజీవ' అనే తీరిక ఎవరికీ ఉండని రోజులవి. ఎండాకాలం మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఊరు ఊరంతా ఒకేసారి తుమ్మేది (ఆ ఊపుకి మంగళగిరి కొండ బెత్తెడు తూర్పుకి జరిగిందని నా నమ్మకం. ఎవరూ కొలవలేదు కనక కాదనడానికీ లేదు). రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనం బెంగపడుతున్న ఆ కాలంలో నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా, పెదవి మీద నేను మీసమనీ మా అమ్మ మసి అనీ అనుకునే ఒక నల్లగీత. ఆర్నెల్లు చూసి ఉంచాలో పంపాలో తేలుస్తామన్న షరతు మీద ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. కారం మిల్లుల్లో ఎగిరే దుమ్మును కరెంటుతో పట్టే రేకు పెట్టె ఒకటి తయారుచేయాలని మా ఓనరు కల. లోపల సన్నటి తీగలు, వాటికి ఇరవై వేల వోల్టులు. దుమ్మంతా పోయి రేకులకు అతుక్కోవాలి, మిల్లులో ఆడవాళ్లు ముక్కుకి కొంగు కట్టుకోకుండా కబుర్లు చెప్పుకోవాలి. ఆ ఇరవై వేల వోల్టులను పెట్టెలోకి చేర్చే కేబులు, దాని కొసలు, పెట్టె గోడలో అది దూరే చోట బిగించే ఇన్సులేటరు ఎంచడం నా వంతు. పెట్టె పనిచేస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికెళ్లి మా నాన్నతో పాటు పత్తికి పురుగుమందు కొట్టడమే.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే సాయిబుగారొకాయన ఉండేవారు. నమాజుకీ టీకీ తప్ప స్టూలు దిగేవారు కాదు. అందరం 'వైండింగ్ మామ' అనేవాళ్లం, ఆయన అందర్నీ 'అల్లుడూ' అనేవారు. కేటలాగంటే మామకి బొత్తిగా నమ్మకం లేదు. ఏ కేబులు వచ్చినా, ఏ రబ్బరు బుడిపె వచ్చినా ఊరగాయ జాడీలో కారంపొడి పోసి, అందులో ఒక ముక్క పాతి, మీద తడిగుడ్డ కప్పి పది రోజులు ఊరబెట్టేవారు. పదకొండో రోజు పైకి తీసి, కరెంటు కారుతోందో లేదో చెప్పే మెగ్గరుకి తగిలించి హ్యాండిలు తిప్పేవారు.

"ఏం మామా, ఆవకాయా మాగాయా?" అనేవాణ్ణి.

"నవ్వు అల్లుడూ నవ్వు. నీ సామాను బతకాల్సింది కేటలాగులో కాదు, కారంలో. పొడి దాని మీద కూర్చుంటది, చెమ్మ పట్టుద్ది, ఆ దారంట కరెంటు పాకుద్ది."

కేబులు మటుకు మంచిదే ఎంచాను. ఇన్సులేటరు దగ్గరే మనసు జారింది. కేటలాగు ముప్పై ఆరో పేజీలో, పెళ్లికూతురి గాజులా మెరిసిపోతూ నున్నటి ఎర్ర ప్లాస్టిక్ గొట్టం. ముప్పై వేల వోల్టులకైనా బెదరదని రాశారు (రాసినవాడు గుంటూరు ఎప్పుడూ రాలేదని తర్వాత తెలిసింది). మామ పాత లుంగీ గుడ్డలో చుట్టిన గోధుమరంగు పింగాణీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇది బిగించరా. చూడు, గొడుగు మీద గొడుగు. కరెంటు బయటికి రావాలంటే ప్రతి గొడుగూ ఎక్కి దిగాల. నీ ఎర్రదాని మీదయితే జారుడుబల్ల మీద జారినట్టు వచ్చేస్తది."

"ఇది పెడితే మన పెట్టె కరెంటు స్తంభంలా ఉంటుంది మామా!"

"పోనీ, నీదాన్ని జాడీలో ఎయ్యి."

"పది రోజులెక్కడున్నాయి? ఎల్లుండే మిల్లులో చూపించాలి. పైగా రంగు పోద్ది."

మామ పింగాణీని టిఫిను సంచిలో పెట్టేసుకున్నారు.

మిల్లులో పెట్టె నాలుగు గంటలు అద్భుతంగా నడిచింది. ఒకావిడ ముక్కు మీది కొంగు తీసి, పక్కావిడ ముఖం అప్పుడే మొదటిసారి చూసినట్టు నవ్వింది. నేను లేని మీసం దువ్వుకున్నాను. అప్పుడే 'టప్' మంది. ఎర్రగొట్టం మీద ఊదారంగు గీత ఒకటి పాముపిల్లలా పాకింది, దాని మీద పేరుకున్న కారం భగ్గున అంటుకుంది. ఆ తర్వాత సంగతి దగ్గకుండా చెప్పడం కష్టం. పక్క సందులో పెళ్లిచూపుల్లో పిల్లా పిల్లాడూ ఏడుస్తుంటే ఒకరికొకరు బాగా నచ్చారనుకుని పెద్దవాళ్లు తాంబూలాలు మార్చేసుకున్నారు. మిరప బస్తాల బండికి కట్టిన గిత్తలు రెండూ బండి వదిలేసి ఒంగోలు దారి పట్టాయి.

"ఎవడయ్యా ఈ ఎర్రది ఎంచింది?" అని మిల్లాయన కళ్లు తుడుచుకుంటూ అరిచారు.

నేను నోరు తెరిచాను. దగ్గొచ్చింది. నా వెనక నుంచి మామ గొంతు వినపడింది. "నేనేనండి. ఒక్క వారం ఇప్పించండి, మార్చేస్తాను."

ఆ వారం గడువు దొరికేదే కాదు. కానీ గుమ్మంలో నవారు మంచం మీదున్న మిల్లాయన తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పేసింది. "ఒరేయ్, ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేరా. మిషను మంచిదే. ఇవ్వు వారం!"

మర్నాడు పింగాణీ బిగించాం. గొడుగుల సందుల్లో అప్పటికే ఎర్రటి పొడి ఉంది. నాకు చూపించకముందే మామ దాన్ని జాడీలో ఊరబెట్టారన్నమాట. వారం గడిచింది, నెల గడిచింది, పెట్టె కిక్కురుమనలేదు. ఓనరు నా ఉద్యోగం ఖాయం చేసి, "మామ పొరపాటు చేసినా నువ్వు దగ్గరుండి సర్దావు. ఇకనుంచి ఆయన ఎంచిన సామాను నువ్వొకసారి చూడవయ్యా" అన్నారు. నేను తలూపాను. మర్నాటి నుంచి మామ జాడీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "కాస్త చూడండి ఇంజనీరుగారూ" అని ఒక కన్ను కొట్టేవారు. నాకు ఎంతసేపటికీ మెగ్గరు ముల్లు కనపడేది కాదు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో సగానికి సగం పెంచి చెప్పాను. ఇది మాత్రం పెంచింది కాదు. ఆ రోజు నా దగ్గు పది నిమిషాల్లో తగ్గిపోయింది. తర్వాత సాయంత్రం దాకా మిల్లులోనే ఉన్నాను, మామ మోపెడ్ వెనక కూర్చునే తిరిగొచ్చాను, దారిలో ఆయన తాగించిన టీ కూడా తాగాను. చెప్పలేదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీ. కేబులు కావాలంటే కంప్యూటర్లో వోల్టులు కొడితే వెయ్యి రకాలు వచ్చి నిలబడతాయి. మామ పోయారన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. వాళ్లింటికెళితే అత్త జాడీ తెచ్చి చేతిలో పెట్టి, "నీకే ఇమ్మన్నాడు బాబూ" అంది. అది నా బల్ల మీదే ఉంటుంది. ఏ కొత్త ముక్క వచ్చినా పది రోజులు అందులో ఊరాల్సిందే. పదకొండో రోజు మూత తీయగానే ఘాటు ముక్కుకెక్కి, కళ్లు నీళ్లు కారి, గదంతా అదిరేట్టు దగ్గుతాను. సారుకి కారం పడదని ఆఫీసులో అందరూ జాలిపడతారు. ఆ దగ్గు మధ్యలో, ఎవరికీ వినపడకుండా, "నేనేనండి" అని ఒక మాట అనేసి మూత పెట్టేస్తాను.