క్లచ్ లేని ఇంజిన్

మా మగ్గాల షెడ్డులో నాలుగో మగ్గం ఉండాల్సిన చోట ఒక స్పోర్ట్స్ కారు ఉంటుంది. రెండే సీట్లు, ఫైబర్ బాడీ, మడిచిపెట్టుకునే గుడ్డ కప్పు. మా అన్న దాన్ని కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కార్ఖానా గోడౌన్‌లోంచి కొనుక్కొచ్చాడు. ఏళ్ళ తరబడి దాంట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయట. ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. దానికి చోటివ్వడానికి మంచి మగ్గాన్ని విప్పి మూలన పడేశాడని నేను అన్నతో రెండు రోజులు మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు.

మాది విరుదునగర్ దగ్గర నేతగాళ్ళ ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా కరెంటు మగ్గాల మీద నేసేది బ్యాండేజి గుడ్డ. కారు వచ్చిన నాలుగు నెలలకు అన్న విళాత్తికుళం నుంచి బైకు మీద వస్తుంటే లారీ తగిలింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో ఆ కాలికి చుట్టిన గుడ్డను చూసి, ఇది మేం నేసిందే అయ్యుంటుందా అనుకున్నాను. ఆ ఆలోచన తట్టుకోలేక వరండాలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంటికొచ్చాక అన్న షెడ్డు వైపు తొంగి చూడలేదు. అంతకు ముందు అన్నం తింటూ కూడా ఆ కారు గురించే మాట్లాడిన మనిషి, ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కట్టుడు కాలు ఇచ్చారు. దాంతో నాలుగడుగులు వేయడమే గగనం, ఇక క్లచ్ ఎక్కడ తొక్కుతాడు? "బండి తోలేది అయిపోయిందిమా" అని ఒకసారి అమ్మతో అన్నాడు. అంతే, మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

నాకు మాత్రం ఆ మాట రాయిలా గుండెలో పడింది. స్కూటీకి క్లచ్ లేదు కదా, మరి కారుకు ఎందుకుండాలి? అక్కడ మొదలైంది నా పిచ్చి. మగ్గాలు ఆడుతుంటే పక్కన స్టూలు వేసుకుని ఫోనులో ఇంజిన్ల వీడియోలు చూసేదాన్ని. నేను అంతవరకు కారు బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. చూస్తున్నకొద్దీ ఒక ప్రశ్నకు పది ప్రశ్నలు పుట్టాయి. లోడ్ ఆటో డీజిల్ ఇంజిన్ పెడితే? వ్యాను ఇంజిన్ పెడితే? బ్యాటరీతో తిరిగే మోటారు పెడితే? ఒక బండి కడుపులో ఇంకో బండి ఇంజిన్ ఎట్లా ఒదుగుతుంది?

విరుదునగర్‌లో పాత బండ్ల సామాన్లు అమ్మే అంగడికి పోయాను. చొక్కా నిండా గ్రీజుతో ఒక పెద్దాయన గేర్ బాక్సు మీద కూర్చుని వడ తింటున్నాడు. నేను తమిళంలో అడిగింది వింటూ ముసిముసిగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండి, "ఈ ముసలాయనకి నన్ను సూస్తే ఆటగా ఉండాదే" అని తెలుగులో గొణిగాను.

"నవ్వక ఏం సేసేది పాపా? మీరూ మనవాళ్ళేనా?" అన్నాడు తెలుగులోనే.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా వడ పొట్లం నా వైపు జరిపాడు. ఆ తర్వాత గంట సేపు ఆయన చెప్పాడు, నేను అడిగాను.

"ఇంజిన్ మార్చేదంటే బల్బు మార్చేదా? మొదుట్లో బరువు సూడాల. ఆటో డీజిల్ పెట్టినావనుకో, అది ఆడే ఆటకి నీ ఫైబర్ బాడీ పెటపెటా సీలిపోతాది. వ్యాను ఇంజిన్ తేలిక, సామాను యాడైనా దొరుకుతాది. ఆనా ఏమి లాభం, దానికీ క్లచ్ ఉండాది."

"క్లచ్ వేండా, ఉండకూడదు మామా. మా అన్నకి ఎడమ కాలు లేదు."

ఆయన తినడం ఆపేశాడు. చేతులు తుడుచుకుని లేచి, లోపల ఒక మూల ఉన్న ఇంజిన్ మీది గోనెపట్టా తీశాడు. ఏదో చిన్న కారుదట, క్లచ్ అక్కర్లేని ఆటోమేటిక్ గేర్ బాక్సుతో కలిపే ఉంది. "ఇది సరిగ్గా ఉంటాది. అప్పురం, బిగించినాక, ఆర్టీఓ కాయితాల్లో ఇంజిన్ నంబరు మార్పించుకో. అన్నని అడిగినావా?"

"అడిగేదేముంది, ఆయప్పకోసరమేగా" అన్నాను.

రెండు నెలలు పట్టింది. పాత ఇంజిన్‌ను గొలుసు కప్పీతో పైకి లేపి పక్కన దింపాను. కోవిల్‌పట్టి లేత్ షాపులో కొత్త మౌంటింగులు చేయించాను. మగ్గాలు విప్పి బిగించే చేతులే కదా, నట్టు నట్టే, బోల్టు బోల్టే. రోజూ ఏదో ఒకటి కొత్తగా తెలిసేది. స్నానం చేశాక కూడా గోళ్ళలో నలుపు పోయేది కాదు, నాకు అది గొప్పగా ఉండేది. ఇంజిన్ కూర్చుంది. మిగిలింది వైర్లు.

కొత్త ఇంజిన్‌తో పెద్ద జడంత వైర్ల కట్ట వచ్చింది. కారులోనూ అంత పొడుగు పాత కట్ట ఉంది. అక్కడ నా బుర్రకో గొప్ప ఆలోచన వచ్చింది. మగ్గం మీద పడుగు అయిపోతే మేము పాత పోగులను మొత్తం లాగేయం. జానెడు వదిలి, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పోగు కొసకు ముడేసుకుంటూ పోతాం. ఆ పనిలో మా వీధిలో అమ్మను మించినవాళ్ళు లేరు. వేల పోగులు అతికే మనిషికి ఈ నలభై వైర్లు ఒక లెక్కా? పాత వైర్లను జానెడు వదిలి కత్తిరించి, కారు ముందు పీట వేసి అమ్మను కూర్చోబెట్టాను.

అమ్మ ఎడమ నుంచి కుడికి, పక్కన పక్కన పోగులా, టకటకా మెలేసి టేపు చుట్టేసింది. ఎంత చక్కగా ఉందో! ఒక్క వైరు ఎగుడు దిగుడు లేదు. మేము నేసేది తెల్లగుడ్డ, మా పోగులకు రంగు ఉండదు. అందుకని రంగు చూడాలని అమ్మకూ తోచలేదు, దగ్గరే నిలబడి మురిసిపోతున్న నాకూ తోచలేదు.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు. హారన్ మాత్రం మొదలైంది. ఆగదే! వైపర్లు వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. ఒక వైపు లైటు కన్ను కొడుతోంది. తాళం పీకేసినా హారన్ మోగుతూనే ఉంది. అమ్మ చెవులు మూసుకుని "నేనేం సేసినానే? పోగు పక్కన పోగేగా ఏసినాను!" అని అరుస్తోంది. వీధిలో వాళ్ళంతా గుమ్మం దగ్గర చేరారు. నేను బ్యాటరీ విప్పడానికి స్పానరు దొరక్క అమ్మ మీద, కారు మీద, వీధి మీద కలిపి అరుస్తున్నాను.

ఎవరో పగలబడి నవ్వుతున్నారు. చూస్తే అన్న. చంకకర్రల మీద వంగిపోయి, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. అయిదు నెలల తర్వాత ఆ నవ్వు వినడం. తానే వచ్చి ఒక్క లాగులో బ్యాటరీ వైరు పీకేశాడు. "వైర్లకి పడుగు అతికినారా! అయ్యో, మీ తెలివి తెల్లారినట్టే ఉండాది!"

నవ్వుతూనే బానెట్ లోపలికి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"నా ఇంజిన్ ఏది?"

మూలవైపు చూపించాను. క్లచ్ లేని సంగతి, విరుదునగర్ పెద్దాయన సంగతి గబగబా చెప్పాను. నా ముఖం వెలిగిపోతూ ఉండుంటుంది.

"నన్ను అడిగినావా పాపా?"

"నీకోసరమేగా అన్నా సేసినాను?"

"కాలు తీసేటప్పుడు కూడా నన్ను అడగలేదు. నేను తెలివి లేక పడుండాను, అది సెరి. ఇప్పుడు తెలివితోనేగా ఉండాను? ఆ పక్క గదిలోనేగా ఉండాను? ఒక మాట అడిగేదానికి నీకేమి?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండు నెలలు చేతులు పగిలేలా పనిచేస్తే దక్కింది ఇదా అనిపించింది. "కాలు లేకుండా దాన్నెట్లా తోలేది?" అని నోరు జారాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అన్న చంకకర్రలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచేసరికి అన్న పాత ఇంజిన్ పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పోస్తున్నాడు.

"ఇది ఎందుకు బిగుసుకున్నాదో నీకు తెలుసుకోవాలని లేదా?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే ఉంది. మొదటి నుంచీ ఉంది. పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. టార్చి పట్టుకున్నాను, అదే క్షమాపణ.

మూడు వారాలు ఆయిల్ పోస్తూ, స్పానరుకు పైపు తొడిగి ఇద్దరం వేలాడుతూ గడిపాం. ఒక మధ్యాహ్నం అది వేలెడంత కదిలింది. ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. విప్పి చూస్తే ఒకే ఒక్క సిలిండరులో తుప్పు. అంతకు మించి ఏమీ లేదు. ఆటోమేటిక్ ఇంజిన్‌ను తిరిగి విరుదునగర్ తీసుకుపోతే పెద్దాయన "అన్నని అడగమంటినా లేదా?" అని నవ్వుతూ దానికి బదులు మా ఇంజిన్‌కు సరిపోయే సామాను ఇచ్చాడు.

పాత ఇంజిన్‌ను మళ్ళీ కారులో దింపి, ఈసారి రంగు చూసి వైర్లు కలిపాం. క్లచ్ సంగతి అన్నే తేల్చాడు. పవర్‌లూమ్‌ను నడిపేదీ ఆపేదీ చేత్తోనే, ఒక పొడుగాటి పిడితో. గుంజుకున్నట్టు వదిలితే పోగులు పుటుక్కున తెగుతాయి, అందుకే మా చేతులకు మెల్లగా వదలడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మూలన పడున్న మగ్గం పిడిని గేర్ కడ్డీ పక్కనే నిలబెట్టించి, రెండూ ఒకే పిడికిట్లో పట్టేటట్టు, దాన్నుంచి క్లచ్‌కు కేబుల్ లాగించాడు. పిడికిలి బిగిస్తే క్లచ్ పడుతుంది, వదిలితే బండి కదులుతుంది. పని చేసినన్నాళ్ళూ కారు కిందే పడుకునేవాడు. "ఈడ పండుకుంటే ఒక కాలైనా రెండు కాళ్ళైనా ఒకటే పాపా" అన్నాడు ఒకసారి, హాయిగా.

ఆర్టీఓ కాయితాలన్నీ అయ్యాక, ఒక ఆదివారం పొద్దున ఎట్టయాపురం రోడ్డెక్కాం. రెండు వైపులా నల్లరేగడి, పత్తి. నేను పక్క సీట్లో. మొదటి గేర్‌లో రెండుసార్లు ఆగిపోయింది. నేను ఊరుకుంటానా? "మెల్లగా వదులు, ఇప్పుడు మార్చు, బస్సు వస్తాంది, ఓరం పో..." అన్న అట్లాగే ఒక మైలు పోయాడు. తర్వాత బండి పక్కకు ఆపాడు.

"దిగు పాపా."

"ఎందుకు? ఏమైంది?"

"ఏమీ కాలేదు. దిగు."

నోటిదాకా వచ్చింది, ఒంటరిగా పోతే ఏదైనా అయితే అని. మింగేసి దిగాను. అన్న పిడికిలి బిగించాడు, మెల్లగా వదిలాడు. ఆ ఎర్ర కారు పత్తి చేల మధ్య చిన్నదవుతూ పోయి కనిపించకుండా పోయింది. నేను దుమ్ములో నిలబడ్డాను. పది నిమిషాలు. అరగంట. గంట. ఫోను చేస్తే ఎత్తడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

చివరికి తనే చేశాడు. వెనక గాలి హోరు, టీ అంగడి గోల.

"విళాత్తికుళం వచ్చేసినా పాపా. బండి బలే పోతాంది, ఇంకా ముందరికి పోయి సూస్తాను. నువ్వు బస్సు పట్టుకొని ఇంటికి పో."

నడి రోడ్డు మీద నన్ను దింపేసి పోయినందుకు నోటికొచ్చినట్టు తిట్టాను. ఫోను పెట్టేసినా తిట్టాను. బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నాక కూడా నవ్వుతూ, ఏడుస్తూ తిడుతూనే ఉన్నాను. కండక్టర్ టికెట్ ఇవ్వకుండా ముఖంలోకి చూసి, ఏమైందమ్మా అని తమిళంలో అడిగాడు.

"మా అన్న నన్ను వదిలేసి పోయినాడు" అన్నాను తెలుగులోనే, ఆయనకు అర్థం కాకపోయినా.