ముగ్గు గళ్లలో అక్షరాలు

మీ ఇంట్లో పసిపిల్ల చేతికి పలక ఇవ్వడానికి మీరు ఎవరి అనుమతి కోసం చూస్తున్నారు? పంచాంగానిదా, పురోహితుడిదా, ఇంటి పెద్దలదా? ఇదే ప్రశ్న నేనొకసారి కోరుట్లలో మా ఎదురింటి అవ్వను అడిగాను. అడిగి ఓడిపోయాను.

తెలంగాణ కోసం ఊరూరా అన్నీ బంద్ పెట్టిన రోజులవి. నేను జగిత్యాలలో టీచరుగా చేసేదాన్ని. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటి కదలడం లేదు. అందుకని కోరుట్లలో మా అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఎదురింటి అవ్వ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. పక్కనే మనవరాలు. ఐదేళ్లు నిండినా ఆ పిల్లకు ఒక్క అక్షరం రాదు. తండ్రి దుబాయిలో ఉంటాడు. బిడ్డకు మొదటి అక్షరం బాసరలోనే దిద్దిస్తానని మొక్కుకున్నాడు. పోయినేడు అతనికి సెలవు దొరకలేదు. ఈ ఏడు మీరే తీసుకుపొండని ఫోనులో చెప్పేసరికి బస్సులు ఆగిపోయాయి. బాసర పోనిదే పలక ముట్టరాదు, పలక లేనిదే బడికి పోరాదు. అట్లా ఆ పిల్లకు రెండో ఏడు కూడా జారిపోతోంది.

నాకు ఒళ్లు మండింది. టీచర్ల సంఘం సభల్లో వాదించి వాదించి నోరు పదునెక్కి ఉన్నదాన్ని. అరుగు మీద ఆడవాళ్లందరూ బీడీలు చుడుతుండగా నిలబడి ఉపన్యాసమే ఇచ్చాను. అక్షరానికి ముహూర్తమేమిటన్నాను, బస్సు ఆగితే బుద్ధి కూడా ఆగాలా అన్నాను. అవ్వ తలెత్తకుండా బీడీకి దారం చుట్టి, అప్పుడు మాట్లాడింది.

"అయిపోయిందా, పంతులమ్మా? గొంతు ఎండింది గావచ్చు, మంచినీళ్లు తాగు. నా కొడుకు మొక్కు నువ్వు దీరుస్తవా?"

"మొక్కు కాదవ్వా, పిల్ల చదువు..."

"సదువుకుని నువ్వేం జేస్తున్నవే? గిట్ల ఇంటింటికి తిరిగి లొల్లి వెడుతున్నవ్!"

అరుగంతా ఘొల్లున నవ్వింది. నేను ఇంటికొచ్చి కూర్చున్నాను. వాదనలో నాదే న్యాయం, ఇప్పటికీ అంటాను. కానీ నా న్యాయం ఆ పిల్లకు ఒక్క అక్షరం కూడా నేర్పలేదు.

మర్నాడు వాకిట్లోకి వస్తే మెట్‌పల్లి పోయే రోడ్డు ఖాళీగా కనిపించింది. లారీ లేదు, బస్సు లేదు. పిల్లలు నడిరోడ్డు మీద తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. మా అమ్మ వాడే ముగ్గు డబ్బా తెచ్చి, వాళ్ల గళ్లు పెద్దవిగా గీసి, గడికొక అక్షరం వేశాను. బిళ్లకు బదులు సిరిసిల్లలో మరమగ్గం నడిపే మా బావ ఇచ్చిన ఖాళీ దారపు కండె ఉంది. కండె ఏ గడిలో పడితే ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువు పేరు అరిచి, అందులోకి దుంకాలి. పక్కింటి దర్జీ పిల్లలది ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఏ మాట గుర్తొస్తే అది అరిచేవాళ్లు. ఉ అంటే ఉల్లిగడ్డ, చ అంటే చాట, చ అంటే చాయ్.

అవ్వ మనవరాలు మొదటిరోజు దూరంగా నిలబడింది.

"అవ్వా, దుంకనా?" అని అరిచింది.

"దుంకు. పలక మాత్రం ముట్టకు!"

సాయంత్రానికి సైకిళ్లు, బండ్లు తిరిగి ముగ్గు చెరిగిపోయేది. మర్నాడు పొద్దున ఆ చెరిగిన అక్షరాన్ని ఎవరు మళ్లీ వేస్తే వాళ్లకు ఇంకొక దుంకు ఎక్కువ. ఆ ఒక్క దుంకు కోసం ఆ పిల్ల అందరికంటే ముందు లేచి, ముగ్గు పిండి వేళ్ల సందున పట్టుకుని రోడ్డు మీద వంగి కూర్చునేది. ముగ్గు వేయడం చూసి పెరిగిన చెయ్యి. గీత వణకలేదు. అక్షరాలు పట్టుబడ్డాక గళ్లలో గుణింతాలూ సున్నలూ వేశాను.

కొన్నాళ్లకు అదే రోడ్డు మీద నిరసనగా వంటావార్పు పెట్టారు. వీధి వీధంతా కదిలింది. అవ్వ ఉల్లిగడ్డలు కోస్తోంది. యువకులు రోడ్డు మీద సున్నంతో పెద్దగా రాసిన 'జై తెలంగాణ' నినాదాన్ని మనవరాలు వేలుపెట్టి చదివింది.

"గది నేను గుడ సదువుత. దినాం ఒర్రుతనే ఉన్నం గదా!" అంది అవ్వ.

పిల్లకు రోషం వచ్చింది. మూసి ఉన్న దుకాణం దగ్గరికి పరుగెత్తి, షట్టరు మీద వేలు పెట్టింది. "కి... రా... ణం. కిరాణం!"

అవ్వ చేతిలో కత్తి ఆగింది. "ఎవలు నేర్పిండ్రే?"

"ఎవలు నేర్పలే అవ్వా. దుంకిన."

అవ్వ నా వైపు తిరిగింది. "పలక ముట్టిచ్చినవా?"

"పలక నా దగ్గర లేనే లేదవ్వా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "నా కొడుక్కు ఏం జెప్పాలె?" అని గొణుక్కుంటూ మళ్లీ ఉల్లిగడ్డ అందుకుంది. మొక్కు తప్పిందన్న భయం ఆమె ముఖంలో కనిపించింది. పిల్లను రేపటినుంచి రోడ్డు మీదికి పంపదనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున అవ్వే వచ్చింది, చేతిలో ముగ్గు గిన్నెతో. "రాత్రి ఫోన్ల జెప్పిన కొడుక్కు. బస్సులు బంద్ గదా, సదువుల తల్లే నడుసుకుంట మన రోడ్డు మీదికి అచ్చిందిరా అన్న. ఇగ ఏమంటడు?" అని నవ్వింది. "మా ఇంటి ముంగటి గళ్లు నువ్వెయ్యకు. నీ గీతలు వంకర. నేనే గీస్త."

నాకు దేవత మీద నమ్మకం లేదు. అయినా ఆ రోజు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను. బడులు తెరిచిన రోజు ఆ పిల్లను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది అవ్వే. బాసర ప్రయాణం మాట తరువాత చూద్దామంది.

ఇప్పుడా రోడ్డు దాటాలంటే భయం, అన్ని బండ్లు. అయినా ఆ తారు మీద తెల్లటి గళ్లు, వాటిలో కండె పడ్డ చప్పుడు నాకు ఇంకా గుర్తున్నాయి. ముహూర్తం కోసం చూస్తున్న వాళ్లారా, ఇది చదవడం ఆపి లేవండి. ముగ్గు డబ్బా తీయండి. వాకిట్లో నాలుగు గళ్లు గీసి, నాలుగు అక్షరాలు వేసి, మీ ఇంటి పిల్లను దుంకమనండి. ఇవాళే.