పావురాయి పాలు

1955 ఎండాకాలం. ఎమ్మిగనూరు పశువుల దవాఖానాలో నేను కాంపౌండరును. మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చి రెండేళ్లు కావస్తున్నా, మా రిజిస్టర్ల అట్టల మీద ఇంకా బళ్ళారి పేరే ఉండేది. మా దగ్గరికి వచ్చేవన్నీ ఎద్దులు, ఎనుములు, మేకలు. కాడి రాపిడికి మెడ పుండైన ఎద్దుకు కట్టు కట్టడం, గాలికుంటు పట్టిన గిట్టలు కడగడం, డాక్టరుగారు చీటీలో రాసిన మందు కలిపి ఇవ్వడం నా పని. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వేల పశువులను ముట్టుకున్నాను. అయినా “నువ్వు చేసిన మంచి కేసు ఒకటి చెప్పు ఖాసీమా” అని ఎవరడిగినా నాకు గుర్తొచ్చేది రెండు చేతుల మధ్య ఇమిడే ఒక పక్షి.

నేతగాళ్ల వీధిలో ఉండే ఈరన్న ఆ ఉదయం గుడ్డ కప్పిన బుట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ తీస్తే బూడిద రంగు పావురాయి. కళ్ళు సగం మూసుకుని, ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చుంది.

“నిన్న పొద్దున్నే ఆదోనిలో కొనుక్కొచ్చినా అన్నా. కొర్రలు పెడితే ముట్టలేదు. గొంతు ఉబ్బింది. నోట్లోంచి పెరుగు మాదిరి పడతాండాది. సచ్చిపోతాదేమో సూడు.”

అతని గొంతులో అంత కంగారు ఎందుకో నాకు తెలుసు. నాలుగు నెలల కిందట వాళ్ళమ్మ తిమ్మక్కకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. పావురాయి రెక్కల గాలి తగిలితే పడిన చెయ్యి లేస్తుందని మా వైపు ఒక నమ్మకం. ఎవరో ఆ మాట చెప్పగానే ఈరన్న మగ్గం ఆపి, బస్సెక్కి ఆదోనికి పోయి పక్షిని తెచ్చాడు.

డాక్టరుగారు కోస్తా నుంచి వచ్చినవారు, నెమ్మదైన మనిషి. పక్షి ముక్కు విప్పి చూశారు. నాలుక మీద, గొంతు లోపల తెల్లగా, కొంచెం పచ్చగా ముద్దలు.

“కేంకర్ కావచ్చయ్యా ఖాసీం,” అన్నారు. కేంకర్ అంటే పావురాళ్ళ గొంతులో జున్నుముక్కల్లా పెరిగే జబ్బు. మింగడానికి వీల్లేకుండా చేసి పక్షిని చంపుతుంది, పక్కవాటికి అంటుకుంటుంది. “గొంతుకు అయోడిన్ పెయింట్ పూయి. రేపటికి తగ్గకపోతే ఉంచకపోవడమే మేలు. వీళ్ళ వీధి నిండా కోళ్ళున్నాయి.”

నేను దూది చుట్టిన పుల్లతో ఆ ముద్దను తాకాను. వెంటనే ఊడి వచ్చింది. కేంకర్ అయితే గొంతుకు అంటుకుని ఉండాలి, లాగితే రక్తం రావాలి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కేంకర్‌కు కుళ్ళు కంపు ఉంటుంది. దీనికి లేదు. వేలితో నలిపితే మెత్తగా జిడ్డుగా నలిగింది. క్రాప్ పట్టి చూశాను. క్రాప్ అంటే పక్షి గొంతు కింద మేత నిలువ ఉండే సంచి. రెండు పక్కలా బిగిసి, వేడిగా ఉంది. లోపల గింజ ఒక్కటీ తగల్లేదు.

ఆదోనిలో మా మేనమామ మిద్దె మీద పావురాలు పెంచేవాడు. చిన్నప్పుడు నేను గూళ్ళు ఊడ్చేవాణ్ణి. పిల్లలున్న పావురాళ్ళ గొంతు ఇట్లాగే ఉండేది.

“సార్, ఒక మాట. ఇది జబ్బు కాదు సార్, పాలు.”

డాక్టరుగారు తలెత్తి చూశారు. ఒక కాంపౌండరు డాక్టరు చెప్పినదాన్ని కాదనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయినా చెప్పాను. “పావురాయి పిల్లలకు మొదట్లో గింజ పెట్టదు సార్. క్రాప్‌లో ఊరే ఈ పాలే నోటితో పోస్తుంది. ఇది తల్లి సార్, దీని పిల్లలు యాడనో ఉన్నాయి. పోసేదానికి నోరు లేక పాలు గట్టిపడినాయి.”

ఆయన ఆ ముద్దను తానూ నలిపి చూశారు. “క్రాప్ మిల్క్ అని ఎప్పుడో చదివాను. చూడటం ఇదే మొదటిసారి,” అన్నారు. “అయితే పిల్లల సంగతేమిటి?”

“నిన్న పొద్దున నుంచి మేత లేదు సార్. ఈరోజు సాయంత్రం దాటితే బతకవు.”

ఈరన్న మొహం మాడ్చుకున్నాడు. “పిల్లలుంటే ఉండనీ అన్నా. మళ్ళీ ఆదోనికి పోతే ఇంకో దినం మగ్గం నిలుస్తాది. దీనికి మందియ్యి సాలు. మా అమ్మకు గాలి కావల్ల.”

“పద, మీ అమ్మనే అడుగుదాం,” అన్నాను.

తిమ్మక్క మగ్గం పక్కనే నులకమంచం మీద పడుకుని ఉంది. మాట ముద్దగా వచ్చేది, కానీ తెలివికి ఏ లోటూ లేదు. నేను చెప్పిందంతా విని ఎడమచేత్తో పక్షి గొంతు నిమిరింది.

“పాలు సేపుకొచ్చి బిడ్డ కాడ లేకపోతే ఆ నొప్పి ఎట్లుంటాదో నాకు తెలుసప్పా,” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “ఒరే ఈరా, దీని బిడ్డల్ని సంపుకోని వచ్చే గాలి నాకొద్దు. పో, ఖాసీమన్నతో పో.”

డాక్టరుగారు నాకు మధ్యాహ్నం సెలవిచ్చారు. పక్షిని బుట్టలో పెట్టుకునే బస్సెక్కాము. అమ్మినవాడు దాని ఒక రెక్క ఈకలు కత్తిరించాడు. ఎగిరి గూటికి పోయే దారి దానికి లేదు.

ఆదోని బజారులో పక్షులమ్మే ముసలాయన దొరికాడు. మొదట ఏమీ తెలియదన్నాడు. నేను క్రాప్ చూపించి విషయం చెప్పేసరికి మెత్తబడ్డాడు.

“శెట్టి పత్తి గోదాములో వల ఏసినా సాబ్. జోడీ పడినాయి. రెండోది నిన్ననే కూరకు పోయింది. పిల్లలుండాయేమో నేను పైకెక్కి సూడలేదు, అల్లా సాక్షి.”

గోదాము శెట్టిగారు తలుపు దగ్గరే మమ్మల్ని ఆపారు. ఎండాకాలం, లోపల కప్పుదాకా పత్తి బేళ్ళు. నిప్పు భయం ఆయనకు ప్రాణభయం కంటే ఎక్కువ. “పావురాయి పిల్లల కోసమా? పనిలేదా నాయనా మీకు?” అన్నారు. నేను జేబులోని బీడీలు, అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. ఈరన్న బుట్ట మూత తీసి చూపించాడు. పక్షి నోటి పక్క నుంచి ఒక తెల్లటి చుక్క కారి రొమ్ము ఈకల మీద పడింది. శెట్టిగారు దానివైపు చూస్తూ పక్కకు జరిగారు. “నిచ్చెన ఆ మూలనుంది. జాగ్రత్తగా ఎక్కండి.”

బేళ్ళ మీద నుంచి పాకుతూ రేకుల కింది దూలం చేరాను. పైన నిప్పులకొలిమిలా ఉంది. నాలుగు పుల్లలు, ఇంత పత్తి వేసిన గూడు. అందులో రెండు పిల్లలు. ఒకటి చచ్చి బిగుసుకుపోయింది. రెండోదాన్ని వేలితో కదిపితే ముడతల మెడ వణుకుతూ పైకి లేచి నోరు తెరిచింది. అరుపు రాలేదు. ఆరేడు దినాల పిల్ల, ఒంటి మీద పచ్చటి నూగు. “ఒకటుందిరా ఈరన్నా!” అని నేను వేసిన కేకకు గోదాములోని హమాలీలంతా తలెత్తి చూశారు.

బుట్టలో పెట్టగానే పెద్దది తాపుతుందనుకున్నాను. బస్సు కుదుపులకు అది బెదిరి పిల్లను తొక్కి మూలకు పోయింది. పిల్లను తీసి పత్తిలో చుట్టి నా చొక్కా లోపల పెట్టుకున్నాను. దారి పొడుగునా అది కదులుతోందా లేదా అని చూసుకోవడమే నా పని.

ఈరన్న ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. వీధి వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ సందడికి పావురాయి రెక్కలు టపటపలాడించి గోడకు గుద్దుకుంది. నాకు చేతులాడలేదు. అప్పుడు తిమ్మక్క గట్టిగా అంది.

“అందరూ బయటికి పోండప్పా. బుట్ట నా మంచం మీద పెట్టి తలుపు దగ్గరికెయ్యండి. నేను యాడికీ కదల్లేను గదా, అది నాకు బెదరదు.”

బయట అరుగు మీద కూర్చున్నాము. లోపల చప్పుడు లేదు. ఈరన్న గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చాలాసేపటికి సన్నగా, పురుగు కూసినట్టు కీచుమని ఒక అరుపు. ఆ వెనకే ఇంకొకటి. తలుపు సందులోంచి చూశాను. పిల్ల తన ముక్కును పెద్దదాని నోట్లోకి దూర్చి ఉంది. పెద్దది మెడను పైకీ కిందకూ ఊపుతూ పాలు పోస్తోంది. పక్కనే తిమ్మక్క ఊపిరి బిగబట్టి పడుకుని ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే పక్షి బెదురుతుందని.

మరునాటి నుంచి ఏం చేయాలో నేను చెప్పాను. కొర్రలు, జొన్నలు, నానబెట్టని శనగలు. ముక్కు మునిగేంత లోతున్న ముంతలో నీళ్ళు, ఎందుకంటే పావురాయి తల ఎత్తి మింగదు, మనలా పీల్చి తాగుతుంది. ఇటుకపొడి, చిటికెడు ఉప్పు పక్కన. గింజ కడుపులో నలగడానికి ఆ ఇటుకపొడే తిరగలి. పడుకునే చోట నూలు చిక్కులు వేయవద్దన్నాను, కాళ్ళకు చుట్టుకుంటే వేళ్ళు ఊడిపోతాయి. ఇవన్నీ తిమ్మక్క తన ఎడమచేత్తో చేసింది. నాలుగు నెలలుగా అన్నం ముద్ద కూడా కోడలు పెడితేనే తిన్న మనిషి.

మూడు వారాలకు పిల్ల ఈకలు కట్టి సొంతంగా గింజ ఏరుకుంది. ఒకరోజు నేను పోయేసరికి తిమ్మక్క నవ్వుతోంది. తళతళలాడే ఇత్తడి బిందె ముందు పెద్ద పావురాయి తన నీడనే చూసుకుంటూ, గొంతు ఉబ్బించి, తోక నేల మీద ఈడుస్తూ గుర్రుగుర్రుమని గుండ్రంగా తిరుగుతోంది.

“కాంపౌండరన్నా, నువ్వు దీన్ని తల్లీ తల్లీ అంటివి. ఇది తల్లి కాదప్పా, తండ్రి! మగోడు గాకపోతే ఇట్ల కులుకుతాదా?”

ఆమె మాటే నిజం. పావురాళ్ళలో ఆడా మగా ఇద్దరికీ పాలు ఊరతాయని డాక్టరుగారు పుస్తకం తిప్పి చెప్పారు. మేనమామ గూళ్ళు ఊడ్చిన నాకు తట్టనిది, మంచం మీద నుంచి చూస్తూ ఆమె కనిపెట్టింది. రిజిస్టరులో ఆ కేసు కింద డాక్టరుగారు తన చేత్తో రాశారు: “జబ్బు లేదు. పిల్లకు దూరమైన మగపక్షి. గుర్తించినది కాంపౌండరు.” ఆ పేజీ నేను ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో చెప్పను.

పావురాయి గాలికి తిమ్మక్క కుడిచెయ్యి లేవలేదు. లేచిందని రాస్తే అబద్ధం. కానీ రెండేళ్లు తిరిగేసరికి వాళ్ళ మిద్దె మీద పది పావురాలయ్యాయి. కొత్తగా పావురాయి తెచ్చుకున్నవాళ్ళు అది ఆడో మగో, మేత ఎందుకు తినదో అడగడానికి ఆమె మంచం దగ్గరికి వచ్చేవాళ్ళు. దవాఖానాకు వచ్చిన పావురాయి కేసులను నేనూ అక్కడికే పంపేవాణ్ణి.

నాకు ఆ కేసు నేర్పినది ఒకటుంది. అంతకు ముందు పశువు రాగానే దీనికేం జబ్బు అని చూసేవాణ్ణి. ఆ తర్వాత, దీన్ని యాడ నుంచి తెచ్చినారు, అక్కడ దీనివాళ్ళు ఎవరున్నారు అని ముందు అడిగేవాణ్ణి. కోసిగి సంతలో కొన్న ఎనుము మేత మానేసిందని ఒక రైతు వస్తే అదే అడిగాను. దూడ సంతలోనే మిగిలిపోయిందని తేలింది. ఆ పూటే పోయి దూడను తెచ్చుకున్నాడు. మందు ఇవ్వకుండా కుదిర్చిన కేసులు నా ఉద్యోగంలో అట్లాంటివి చాలానే ఉన్నాయి. ఆ కేసులను తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ నడుం నిటారుగా నిలుస్తుంది.