ఠాణాకు చేసిన ఫోను

ఇన్నేండ్లుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్న. చెప్పుకుందామంటే నోరు రాలేదు. నిన్న మా కోడలన్నది, మతి చెదిరినోళ్ల ఇంటి నుంచి ఫోనొస్తే ఇప్పుడు పోలీసులకు కాదట, మనసు డాక్టర్లకే కలుపుతరట. మంచి పనే అన్న. చేతిల చాట పక్కన పెట్టిన, మళ్ల బియ్యం ఏరబుద్ధి కాలేదు. నీకు చెప్తున్న, విను.

ఇనుప గని కాలనీలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ను. ఒకనాడు పొద్దుటి డ్యూటీలో నర్సయ్యన్న ఫోన్ చేసిండు. గనిలో డంపర్ నడిపేటోడు, మా ఆవపల్లి దిక్కు మనిషి, నన్ను సొంత చెల్లె లెక్క చూసేటోడు.

"చెల్లె, మీ వదిన కత్తిపీట ముందలేసుకొని కూసున్నది. చచ్చిపోతనంటున్నది. పోలీసోళ్లను చూస్తే ఇంకా బెదురుతది. ఆస్పత్రిల మనసు డాక్టరమ్మను పంపియ్యి తల్లీ."

"నువ్వు ఫోను పెట్టి వదిన దగ్గరుండన్నా. డాక్టరమ్మకు నేను చెప్త."

ఠాణాకు చేసిన. ఆడమనిషి కత్తి పట్టుకొని అందరి మీదికొస్తున్నది, జల్దీ రండి అన్న.

ఎందుకు? భయపడ్డనా? ఛీ, ఇంకా అబద్ధమెందుకు. వాళ్లది రెండు గదుల క్వార్టర్. మాది ఒంటి గది. పోలీసు జీపొచ్చిన ఇంటిని గనోళ్లు ఖాళీ చేయిస్తరని నాకు తెలుసు, ఖాళీ అయితే రెండు గదుల ఇంటికి లిస్టుల తర్వాతి వంతు మాదేనని ఇంకా బాగ తెలుసు. అంత ఆలోచించే టైమున్నదా అంటవా? ఉన్నది.

క్వార్టర్ల లైనంతా చూస్తుండగా వదినను జీపులకు గుంజిన్రు. మనిషి బతికింది. కానీ అటెన్క ఎవ్వరితోని మాట్లాడలేదంట. సామాను ఎత్తేనాడు నర్సయ్యన్న నా దగ్గరికొచ్చి డాక్టరమ్మనే తిట్టిండు. నేను చెప్పినా ఆమెనే రాలేదనుకున్నడు, పాపం. చాయ్ పోసిచ్చిన.

ఇప్పుడు కూసొని ఏడుస్తున్ననా? లేదు. నీకు అసలు చెప్పాల్సింది అదే. వాళ్ల క్వార్టర్ మాకే వచ్చింది, ఆ ఇంట్ల నేను సుఖంగ బతికిన. పిల్లలు వేరే గదిల చదువుకున్నరు, నేను కిటికీ పక్కన మంచమేసుకొని హాయిగ పండుకున్న. తప్పు చేసినోళ్లకు నిద్ర పట్టదంటరు, నాకు పట్టింది. ఇప్పటికీ పడ్తది. నన్ను మాఫ్ చెయ్యమని నిన్నడగ. నీ మంచి రోజులేవని ఎవరన్న అడిగితే ఆ ఇంటి రోజులే అని చెప్త. అవి వదిన దగ్గర గుంజుకున్నయని ఇయ్యాల ఒక మనిషికి చెప్పిన. పాణం జర నిమ్మళమైంది.