మా ఆవిడ కడుపు, నా జవాబులు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఇరవై ఏడేళ్ల వయసు, విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం, రోజుకు ఆరు గంటలు నేను మాట్లాడుతుంటే నోరెత్తకుండా రాసుకునే ఎనభై మంది పిల్లలు. ఇన్ని ఉన్నాక మనిషికి వినే అలవాటు పోవడం పెద్ద వింతేం కాదు. అలాంటి సమయంలో మా ఆవిడకు తొమ్మిదో నెల వచ్చింది. నాకూ వచ్చిందనే అనుకున్నాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కానీ, చల్లపల్లిలో కంటే ఇక్కడ పెద్ద డాక్టర్లున్నారని వాదించి, మా అత్తగారినే పటమటలో మా అద్దె ఇంటికి రప్పించాను. (నాతో వాదించి గెలిచినవాళ్లు లేరనుకునేవాణ్ణి. వాదించే ఓపిక ఉన్నవాళ్లు లేరని తర్వాత తెలిసింది.) ఆ నెలంతా వారం వారం చెకప్‌కి రమ్మన్నారు డాక్టరమ్మ గారు. వెళ్లగానే నర్సు బరువు, బీపీ చూసేది, మూత్రం పరీక్షకు చిన్న సీసా ఇచ్చేది, పాదాలకు వాపుందేమోనని వేలితో నొక్కి చూసేది. తర్వాత డాక్టరమ్మ గారు పొట్టను టేపుతో కొలిచి, బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో చేత్తో తడిమి, గుండె చప్పుడు విని, నాలుగు ప్రశ్నలు అడిగేవారు. పరీక్షలన్నీ మా ఆవిడకు, జవాబులన్నీ నావి. నిద్ర పడుతోందా అంటే ఆరు గంటలు పడుతోందనేవాణ్ణి. (పక్కన గురక పెట్టేవాడికి ఆ సంగతి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు.) నడుం నొప్పి ఉందా అంటే భరించగలిగేంతే ఉందనేవాణ్ణి, భరించేది నేనైనట్టు. ఆవిడ బరువును గ్రాఫు కాగితం మీద గీసి, బెంచీ మీది తోటి భర్తలకు చూపించి, ఉప్పు తగ్గించమని వాళ్ల భార్యలకు కూడా సలహా చెప్పేవాణ్ణి. గుణదల నుంచి వచ్చే ఒక పెద్దావిడ తన కోడలితో, ఈయనే కనేట్టున్నాడు చూడు అనడం నా చెవిన పడింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

మూడో చెకప్‌లో డాక్టరమ్మ గారు ఎప్పటిలాగే బిడ్డ కదలికలు ఎలా ఉన్నాయని అడిగారు. బాగున్నాయండీ, భోజనం చేశాక పదిసార్లకు తక్కువ కాకుండా కదులుతోంది అన్నాను. ఆ పది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకూ తెలియదు. డాక్టరమ్మ గారు రాసుకోబోయి, కలం ఆపి, నన్ను దాటి మా ఆవిడ వైపు చూశారు.

"నువ్వు చెప్పమ్మా."

"నిన్న మధ్యాహ్నం నుంచి బాగా తగ్గిపోయాయండీ. పొద్దున్న లేచాక ఒక్కసారే కదిలింది."

"మరి ఇందాకటి నుంచీ చెప్పవేం?"

"ఆయన చెబుతున్నారు కదండీ."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. నేనింకో వివరణ మొదలుపెట్టబోతే డాక్టరమ్మ గారు తలుపు వైపు చెయ్యి చూపించారు. (క్లాసులో అల్లరి చేసేవాళ్లకు నేను చూపించేదీ అలాగే.) బయట బెంచీ మీద మా అత్తగారు, ఏమన్నారు బాబూ అని అడిగారు. పెళ్లయ్యాక మొదటిసారి, మీ అమ్మాయినే అడగాలండీ అన్నాను. లోపల మా ఆవిడ పొట్టకు బెల్టు కట్టి, మిషన్ మీద బిడ్డ గుండె చూస్తున్నారు. తలుపు సందులోంచి ఆ చప్పుడు టకటకా వినిపించేది, ఉన్నట్టుండి మెల్లబడేది. అది మెల్లబడ్డప్పుడల్లా మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకునేవారు. అరగంటకు డాక్టరమ్మ గారు వచ్చి, బిడ్డ అలసిపోతోంది, ఆపరేషన్ చేసేస్తాం అన్నారు. కదలికలు తగ్గితే చెకప్ రోజు దాకా ఆగకుండా వెంటనే రమ్మని మొదట్లోనే చెప్పానుగా అని కూడా అన్నారు. చెప్పే ఉంటారు. అప్పుడు నేను మాట్లాడుతూ ఉండి ఉంటాను.

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. కాస్త ఆలస్యంగా ఏడ్చింది కానీ, వరండా అంతా వినపడేలా ఏడ్చింది. మా ఆవిడను వార్డులోకి తెచ్చాక, నాతో ముందే చెప్పవచ్చు కదా అన్నాను.

"నిన్న అన్నాల దగ్గర చెప్పానండీ," అంది కళ్లు తెరవకుండానే. "మామూలేనన్నారు. ఎందుకు మామూలో కూడా వివరించారు."

ఆ లెక్చరర్ని ఇప్పుడు తలుచుకుంటే ముందొక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. ఆ తర్వాత నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆ నెలంతా వాడికి చచ్చేంత భయం. అన్ని విషయాలూ అందరికీ చెప్పినవాడు, అదొక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.