పట్టుపురుగులకు నేను పోసిన ప్రకృతి కషాయం

భూమిని కాపాడాలని బయలుదేరి, తోడబుట్టిన అక్క సంసారాన్నే ముంచబోయిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు మీరు నవ్వుకుంటారనే చెబుతున్నాను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో బాగేపల్లిలో చిన్న ఉద్యోగం చేసేవాణ్ణి. ఒకసారి చిక్కబళ్ళాపురంలో సుస్థిర జీవనం మీద శిక్షణ ఉందంటే వెళ్ళాను. పొద్దున మామూలు మనిషిగా లోపలికి పోయినవాణ్ణి, సాయంత్రానికి భూగోళాన్ని భుజానేసుకుని బయటికొచ్చాను. ఇంట్లో ప్లాస్టిక్ కవర్లు మాయమయ్యాయి. స్నానం నీళ్ళు కరివేపాకు చెట్టుకు మళ్ళాయి. ఫ్యాను వేసుకున్నవాళ్ళను దొంగల్ని చూసినట్టు చూసేవాణ్ణి. చివరికి మా ఆవిడే దారి చూపించింది.

"చింతామణి పక్కన పల్లెలో మీ అక్క ఉండాది కదా. కొన్నాళ్ళు పోయి ఆమెను ఉద్ధరించు. మేము రవంత గాలి పీల్చుకుంటాం."

అక్కా బావలు పట్టుపురుగులు పెంచుతారు. అంతకు ముందు పంట పోయింది. బావ అప్పటికే తేల్చేశాడు: "ఇది కూడా పోతే మల్బరీ తోట పీకేసి సైట్లోళ్ళకు ఇచ్చేస్తా. ఇండ్లు కట్టుకోనీ." అక్కకేమో ఆ తోటంటే ప్రాణం.

నేను వెళ్ళేసరికి పురుగులు నాలుగో జ్వరం లేచాయి. కంగారు పడకండి. మేత మానేసి కుబుసం విడిచే నిద్రను అక్కడ జ్వరం అంటారు. ఆ జ్వరం లేచిన పురుగు ఆకలి, పెళ్ళిలో మొదటి పంక్తి కోసం తోసుకునేవాళ్ళ ఆకలి. వందల తట్టల్లో ఆకు మేస్తుంటే ఇంటి మీద వాన పడుతున్నట్టే ఉంటుంది.

ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. పైరుకు మందు కొట్టేముందు పక్క తోటవాళ్ళ గడప దగ్గరికెళ్ళి "పురుగులు మేస్తాండాయా?" అని అడుగుతారు. మేస్తుంటే ఆగుతారు. మందు గాలికి కొట్టుకొచ్చి మల్బరీ ఆకు మీద పడితే, అది మేసిన పురుగులు చస్తాయి మరి. నాకిది తెలియదా అంటే, బాగా తెలుసు. కానీ ఆ అడగడాలు విషం కొట్టే పాపాత్ములకు కదా! నాది ప్రకృతి.

మల్బరీ పక్కనే అక్క వేసిన వంగమొక్కలకు పేను పట్టింది. బావ సంతకు పోయాడు. అక్క పురుగుల ఇంట్లో ఉంది. వేపాకు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, గోమూత్రం కలిపి మరిగించాను. ఘాటు చాలదనిపించి, బావ గూట్లో దాచుకున్న పొగాకు పొట్లం కూడా విప్పి పోశాను. స్ప్రేయరు వీపున తగిలించుకుని వంగమొక్కల్ని తడిపేశాను. ఇంకా సగం మిగిలింది. పారబోస్తే వృథా కాదా? ఏదీ వృథా చేయకూడదని శిక్షణలో మరీ మరీ చెప్పారాయె. మిగిలిందంతా మల్బరీ చాళ్ళకు ధారాళంగా కొట్టాను.

సాయంత్రం అక్క ఆ ఆకే కోసుకుపోయింది. తెల్లారేసరికి పురుగుల ఇంట్లో వాన ఆగిపోయింది.

"ఓరి దేవుడా, తలలెత్తి ఊగుతాండాయి! పచ్చగా కక్కుతాండాయి!" అక్క కేక విని కాఫీ లోటా అక్కడే పెట్టేసి లేచాను. "ఎవురో మందు కొట్టినారు. ఆ టొమాటోల మునియప్పే!"

ఆమె వెనకాల నేనూ పరుగెత్తాను. మునియప్ప వాళ్ళ పొలం పక్కదే. పళ్ళు తోముకుంటున్నవాడు పుల్ల తీసి నిలబడ్డాడు.

"అమ్మా, నేను కొడితినా? మొన్న వచ్చి అడిగితే వద్దంటివి కదమ్మా. అప్పట్నుంచి మందు డబ్బా దించనే లేదు. టొమాటోలంతా పురుగు తింటాండాది, పోయి చూడు."

అక్క తిరిగొచ్చి ఒక తట్ట వాసన చూసింది. రాత్రే సంత నుంచి వచ్చిన బావ వైపు గిర్రున తిరిగింది.

"పొగాకు వాసన! పంట దిగేదాకా ముట్టనని ఒట్టేసి, నమిలి లోపలికొచ్చినావా?"

"నీ మీద ఆన! నా పొట్లమే గూట్లో కనపడల్యా. యాడ పోయిందో నాకే తెలీదు!"

"చూసినావా, యాడుందోనని వెతికినాడంట!"

నిర్దోషి ముఖం అంత దొంగ ముఖంలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మందు కొట్టే మునియప్ప గడప దాకా వచ్చి అడిగాడు. భూగోళం గురించి ఉపన్యాసాలిచ్చే నేను, అదే పెరట్లో ఉన్న అక్కను అడగలేదు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఈ ఇంట్లో పురుగులతో పాటు కాపురం కూడా పోతుంది.

"అక్కా, నేనే. మందు కాదు, కషాయం."

"ఏం కషాయం?"

"ప్రకృతిదే అక్కా. వేపాకు, మిరపకాయలు..." బావ వైపు చూడకుండా మిగతాదీ చెప్పాను. "బావ పొగాకు."

"ప్రకృతిదా? అయితే ఒక లోటా తాగి చూపించు నాయనా."

బావ మాత్రం ఆనందంతో గోడకు ఆనుకున్నాడు. "విన్యావా? నేను కాదు! యాడన్నా రాయించుకో, నేను కాదు!"

నవ్వడానికి సమయం లేదు. పాడైన ఆకంతా ఎత్తిపారేశాం. తోట ఆ చివర నా కషాయం తగలని ఆకు కొంత ఉంది గానీ, ఆ ఆకలికి అది ఏ మూలకూ చాలదు. ఊళ్ళో ఇంటింటికీ పోయి ఆకు అడుక్కురమ్మని అక్క నన్నే పంపింది. ప్రతి గడపలోనూ "ఏమైందప్పా?" అని అడగడం, నేను మొదటినుంచీ చెప్పడం, వాళ్ళు లోపలున్నవాళ్ళను కూడా పిలిచి మళ్ళీ చెప్పించుకోవడం. నవ్వినంతసేపు నవ్వి మోపు కట్టి ఇచ్చేవారు. తిట్లు తిన్న మునియప్ప అందరికంటే పెద్ద మోపు ఇచ్చాడు.

తెచ్చిన ఆకు పరిచి తట్టల పక్కనే కూర్చున్నాను. ఒక్కొక్క పురుగునూ బతిమాలాను. "తినమ్మా, ఇది మంచిది, మునియప్పది." గుమ్మం వైపున్న వరస మొత్తం పోయింది. మిగతావి చాలాసేపు కదల్లేదు. అక్క చచ్చిన పురుగుల్ని ఏరి బుట్టలో వేస్తోంది. బావ తోట వైపే చూస్తూ నిలబడ్డాడు. అంతలో ఎక్కడో ఒక తట్టలో సన్నగా చినుకు పడింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి ఇల్లంతా వాన. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను నాకు రాని దండకాలన్నీ చదివాను.

ఆ పురుగులు గూళ్ళు కట్టాయి. బావ సైట్ల మాట ఎత్తలేదు. గూళ్ళు ఏరుతుంటే మునియప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"సీనప్పా, ఆ కషాయం ఇంకా ఉండాదా?"

"ఏంటికి మునియప్పా? నా పరువు ఇంకా కొంచెం మిగిలిందనా?"

"కాదప్పా. మీ అక్క వంగమొక్కలు చూసినా. ఒక్క పేను ల్యా. అంత బలమైన మందు అంగట్లో కూడా దొరకదు. నా టొమాటోలకు కావల్ల."

లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. "అదంతా మా ఆకు మీదే పోసినాడు మునియప్పా. కావాలంటే చేసినోణ్ణే తీస్కపో!"

కనుక పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా వల్ల భూగోళం బాగుపడినా పడకపోయినా, ఇకమీదట తులసి తీర్థం చల్లవలసి వచ్చినా సరే, గాలి వాటం చూసి, నాలుగు గడపలెక్కి అడిగి, అక్క సరేనంటేనే ఉద్ధరిణె ఎత్తుతాను.