జాలరిపేటకు మేడం రాని ఆదివారం

శుక్రవారం పొద్దున్న సీతమ్మధారలో ఆటో ఎక్కబోతుంటే మా డిపార్టుమెంటు అటెండరు ఫోన్ చేశాడు. "మేడం గారు పోనారమ్మా" అన్నాడు. "ఏ మేడం?" అని అడిగాను. మా డిపార్టుమెంటులో మేడం అంటే ఒక్కరే. ఆ సంగతి నాకూ తెలుసు, అయినా అడిగాను. ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఆవిడ నా రిపోర్టులో తప్పులు దిద్దుతూ కూర్చున్నారు. గుండెపోటట. పడుకున్న మనిషి లేవలేదట. మీకెవరికైనా ఇలాంటి ఫోన్ వచ్చి ఉంటే తెలుస్తుంది, చెవికి వినపడినంత తొందరగా బుర్రకి ఎక్కదు.

ఆవిడ సోషల్ వర్క్ ప్రొఫెసరు, నా పీహెచ్‌డీ గైడు. జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల మీద నా పరిశోధన. మొదటి నెలలోనే ఇల్లిల్లూ తిరిగి, ఫారాలు నింపి, గర్వంగా ఆవిడ బల్ల మీద పెట్టాను. వృత్తి అన్న చోట సగానికి పైగా 'గృహిణి' అని ఉంది. ఏం పని చేస్తారని అడిగితే వాళ్లు "నాకేటి పనమ్మా, మాయన ఏటకెల్తాడు" అన్నారు. నేను అదే రాసుకొచ్చాను.

మేడం ఫారాలు తిరగేసి పక్కన పెట్టారు. మర్నాడు తెల్లారగానే నన్ను పడవలు ఒడ్డుకొచ్చే చోటికి తీసుకెళ్లి నిలబెట్టారు. నా గృహిణులందరూ అక్కడే ఉన్నారు. వేలంలో గొంతు చించుకుని చేపలు పాడుకుని, గంపలు నెత్తికెత్తుకుని ఊళ్లోకి నడుస్తున్నారు. వాళ్లలో నూకాలమ్మ నన్ను చూసి నవ్వింది కూడా. "ఈవిడకి పని లేదన్నావా?" అన్నారు మేడం. నా మొహం మాడిపోయింది. ఫారాలన్నీ మళ్లీ మొదటినుంచీ రాశాను.

కొత్త ఇంటికి వెళ్తే మేడం మొదటి రోజు నన్ను పెన్ను సంచిలోంచి తియ్యనిచ్చేవారు కాదు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. ఇసుకలో వాళ్ల పక్కనే చతికిలబడి పిల్లల చదువులు, మొగుళ్ల తాగుడు, మోకాళ్ల నొప్పులు, అన్నీ అడిగేవారు. నీ చెల్లెలికి కాన్పయిందా అంటూ పోయినసారి మాట దగ్గర్నుంచి అందుకునేవారు. రిపోర్టు యూనివర్సిటీకి ఇచ్చేముందు పేటలో చదివి వినిపించాలన్నది ఆవిడ పంతం. "బతుకు వాళ్లది. తప్పు రాశామో లేదో చెప్పాల్సింది వాళ్లే కదా" అనేవారు.

ఈమధ్య ఇసుకలో నాలుగడుగులు వేసి ఆగేవారు. ఎండకేమో అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. నా రిపోర్టు గొడవ నాది.

ఆ రిపోర్టు ఆదివారం పేటలో చదవాలి. మానేద్దామనుకున్నాను. కానీ ఆడవాళ్లు బేరాలు మానుకుని వస్తారు, వాళ్లని ఊరికే కూర్చోబెడితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. వెళ్లాను. పట్టాలు పరుచుకుని సిద్ధంగా ఉన్నారు.

"మేడమేరమ్మా?" అంది నూకాలమ్మ.

చెప్పాను. "మొన్న మంగళారం నా మోకాలికి మందట్టుకొచ్చింది కదా! ఆయమ్మకేటవుద్ది?" అని నన్నే కసిరింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆయమ్మది ఏవూరు?" అంది.

తెలీదన్నాను.

"పిల్లలెంతమంది?"

అదీ తెలీదన్నాను.

"గుండె నొప్పి ముందునుంచీ ఉన్నాదా?"

నేను చేతిలో రిపోర్టు కాగితాలు సర్దుకున్నాను.

"ఆయమ్మ సెప్పనేదా, నువ్వడగనేదా?"

అడగలేదు. ఐదేళ్లు ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది మనుషుల్ని అడగడమే. శుక్రవారం నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నూకాలమ్మ నన్ను ఓదార్చలేదు. తలొంచుకుని, "మేమూ అడగనేదు" అంది. ఎవరూ లేవలేదు. గంపలు పక్కన బోర్లించుకుని, రిపోర్టు ఎప్పుడు చదువుతానా అని నా వైపు చూస్తూ కూర్చున్నారు.